ఇన్స్‌బ్రుక్‌లో ఎక్కడ దిగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఏటా వేసవి మొదలయ్యేసరికి విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో ఎవరో ఒకరు వస్తారు. వచ్చిన ప్రతివారికీ ఆల్ప్స్ చూడాలని ఉంటుంది. రైలెక్కితే రెండు గంటల లోపే చేరే ఇన్స్‌బ్రుక్‌కు మేమే తీసుకువెళతాం, లేదా టికెట్లు కొని పంపిస్తాం. ఈ వంకతో ఆ ఊళ్ళో చాలా బసలు చూశాం. కొన్ని హాయిగా గడిచాయి. కొన్నింటిని తలుచుకుంటే మోకాళ్ళు ఇప్పటికీ సలుపుతాయి. బంధువులకు, స్నేహితులకు ఫోనులో మళ్ళీ మళ్ళీ చెబుతూ వచ్చిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

ఇన్స్‌బ్రుక్ చిన్న ఊరే కదా, ఎక్కడ దిగితే ఏమిటి?

చిన్నదే. ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రానికి రాజధాని అయినా జనాభా లక్షా ముప్పై వేలకు అటూ ఇటూగా ఉంటుంది. రైల్వే స్టేషన్ నుంచి పాత నగరానికి పది పన్నెండు నిమిషాల నడక. కాబట్టి ఇక్కడ చిక్కు దూరంతో కాదు, ఎత్తుతో. ఊరు 574 మీటర్ల ఎత్తున, ఇన్ నది లోయలో ఉంది. ఊరి పేరుకు అర్థమే ఇన్ నది మీది వంతెన. ఉత్తరాన నార్డ్‌కెట్టె కొండల వరుస గోడలా లేస్తుంది. దక్షిణాన పాచర్‌కోఫెల్ శిఖరం ఉంటుంది. మధ్యలో నది వెంట చదునైన నేల సన్నగా సాగుతుంది. ఆ చదును దాటి ఏ పక్కకు వెళ్ళినా ఎక్కడమే. బుకింగ్ సైటులో "కేంద్రానికి 900 మీటర్లు" అని రాసి ఉంటుంది. ఆ 900 మీటర్లలో ఎన్ని మెట్లున్నాయో మాత్రం రాయరు. అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ముందు మ్యాపులో బస చదునులో ఉందా, వాలు మీద ఉందా చూస్తాం. తరువాత ట్రామ్ స్టాపు ఎంత దగ్గరో చూస్తాం. ధర ఆ తరువాతే.

పాత నగరంలోనే దిగాలని అందరూ అంటారు. మీరేమంటారు?

అక్కడి ఆకర్షణను కాదనలేను. బంగారు కప్పు అని పిలిచే గోల్డెనెస్ డాహ్ల్ అక్కడే ఉంది. మాక్సిమిలియన్ చక్రవర్తి కాలంలో, 1500 ప్రాంతంలో, ఒక బాల్కనీకి 2,657 బంగారు పూత రాగి పలకలతో కప్పు వేశారు. తెల్లవారుజామున జనం లేని వేళ దాని ముందు నిలబడే భాగ్యం అక్కడే పడుకున్నవారికి దక్కుతుంది. బసలకు కూడా చరిత్ర ఉంది. గోల్డెనర్ ఆడ్లర్ అనే సత్రం 1390 నాటిది. వైసెస్ క్రోయిట్స్ అనే మరో సత్రంలో 1769 డిసెంబరులో పదమూడేళ్ళ మొజార్ట్ తండ్రితో కలిసి దిగాడు.

అయితే మొజార్ట్ వెంట మన పెట్టెలు లేవు. పాత నగరం పాదచారులది, టాక్సీ ప్రతి గుమ్మం ముందుకూ రాదు. రాళ్ళు పరిచిన దారిలో ఇరవై మూడు కిలోల పెట్టె లాగితే ఆ చప్పుడుకు వీధంతా తిరిగి చూస్తుంది. ఇళ్ళు అయిదారు వందల ఏళ్ళవి. కొన్నింటిలో లిఫ్టు పెట్టారు, కొన్నింటిలో పెట్టే వీలే లేదు. లిఫ్టు ఉన్నచోట కూడా అది మొదలయ్యే ముందు ఎనిమిది మెట్లు ఎక్కాల్సి రావచ్చు. గదులు ఇరుకు, కిటికీలు చిన్నవి. వేసవి సాయంత్రాలు హోటళ్ళ బల్లలన్నీ వీధిలోనే ఉంటాయి. నవంబరు మధ్య నుంచి క్రిస్మస్ సంత మొదలవుతుంది. బంగారు కప్పు దగ్గర సాయంత్రాలు ఇత్తడి వాద్యాలు వాయిస్తారు. చూడటానికి వెళితే పండుగలా ఉంటుంది, ప్రయాణ బడలికతో పడుకోబోతే మరోలా ఉంటుంది.

నా లెక్కలో ఇద్దరే వచ్చి, వీపు సంచులతో, ఒకటి రెండు రాత్రులు ఉండేవారికి పాత నగరం సరైనది. నలుగురు పెద్దలు, ఆరు పెట్టెలు అయితే వద్దు. అయిదు నిమిషాల నడక దూరంలో దిగి, రోజూ అక్కడికి వెళ్ళి రండి.

స్టేషన్ దగ్గర హోటళ్ళు ఎలా ఉంటాయి?

భయపడాల్సిన చోటు కాదు, ముచ్చటపడాల్సిన చోటూ కాదు. మ్యూనిక్ నుంచి వచ్చి మరునాడు ఇటలీకో జ్యూరిక్‌కో పోయేవారికి ఇంతకన్నా మంచి చోటు లేదు. లిఫ్టులు, పెద్ద గదులు, రాత్రంతా మనిషి ఉండే కౌంటరు ఇక్కడి కొత్త హోటళ్ళలోనే ఎక్కువ. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీకి పోయే సరుకు రైళ్ళు రాత్రిళ్ళు కూడా నడుస్తాయి కాబట్టి పట్టాల వైపు గది వద్దని ముందే రాయండి. స్టేషన్‌కు ఉత్తరంగా రైలు వంతెన కింది కమానుల్లో బార్లు, సంగీతపు క్లబ్బులు ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళు వాటిని బోగెన్ అంటారు. శుక్ర, శనివారాలు ఆ వీధి తెల్లవారేదాకా మేలుకునే ఉంటుంది. ఫొటోల్లో బాగా కనిపించి, చవకగా దొరికే అపార్ట్‌మెంటు అక్కడ ఉందంటే కారణం అదే అయి ఉండవచ్చు.

మీరైతే ఎక్కడ దిగుతారు?

విల్టెన్‌లో. మరో మాట లేదు.

మరియా తెరేసియా వీధిలో దక్షిణంగా నడుస్తూ పోతే చివర ఒక రాతి తోరణం వస్తుంది. 1765లో రాకుమారుడి పెళ్ళికి కట్టారు. పెళ్ళి సందడిలోనే పెళ్ళికొడుకు తండ్రి, చక్రవర్తి ఫ్రాన్సిస్ కన్నుమూశాడు. అందుకే తోరణానికి ఒక పక్క సంతోషాన్ని, మరో పక్క దుఃఖాన్ని చెక్కారు. ఆ తోరణం దాటితే విల్టెన్ వైపు అడుగుపెట్టినట్టే. 1904 దాకా ఇది వేరే ఊరు. అంతకు చాలా ముందు రోమన్లు ఇక్కడ వెల్డిడేనా అనే కోట కట్టుకున్నారు. 1138 నుంచి ఇక్కడ ఒక మఠం ఉంది. ఇవన్నీ పర్యాటకులకు ఆసక్తి కలిగించే సంగతులు. బస కోసం చూసేవారికి అసలు విషయం వేరు. నేల చదునుగా ఉంటుంది. ట్రాములు తిరుగుతాయి. వీధుల్లో ఇక్కడి మనుషులు, విద్యార్థులు కనిపిస్తారు. విల్టెనర్ ప్లాట్సల్ అనే చిన్న కూడలిలో శనివారం రైతుల సంత జరుగుతుంది. రొట్టెల దుకాణం, మందుల దుకాణం, కిరాణా అన్నీ కాలినడకన దొరుకుతాయి. పాత నగరానికి పదిహేను నిమిషాల నడక, మధ్యలో ఒక్క మెట్టు కూడా లేదు. మా అత్తగారు ఇక్కడ ఉన్న మూడో రోజుకే రొట్టెల దుకాణంలో జర్మన్‌లో పలకరింపులు మొదలుపెట్టారు. పాత నగరంలో అలాంటి పరిచయం కుదరదు, అక్కడ అందరూ మనలాంటి చుట్టపుచూపువాళ్ళే.

నది ఒడ్డున రంగురంగుల ఇళ్ళ ఫొటో చూశాం. ఆ ఇళ్ళలో ఉండొచ్చా?

అది మరియాహిల్ఫ్ పేట. బసలు దొరుకుతాయి. కానీ ఆ ఇళ్ళలో దిగినవారికి ఆ ఇళ్ళు కనిపించవు. కొండ కూడా ఇంటి వెనక్కి పోతుంది. ఆ ఫొటో తీసింది ఇవతలి ఒడ్డు నుంచి. అక్కడ నిలబడటానికి డబ్బు అక్కర్లేదు.

దాని పక్కన సాంక్ట్ నికోలాస్ ఊరిలోకెల్లా పాత పేటల్లో ఒకటి. వరద వచ్చినప్పుడల్లా బురదయ్యేదట, బురదగుంట అనే అర్థం వచ్చే ఎగతాళి పేరు దానికి ఇప్పటికీ ఉంది. ఇప్పుడు శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది. నది వెంట ఉన్న వరుస వరకు పరవాలేదు. ఆ వెనకే హోట్టింగ్ మొదలవుతుంది. అక్కడ వీధి పేరులో మెట్లు, గట్టు లాంటి మాట ఉంటే ఆ మాట నమ్మండి. ఒకసారి ధర చూసి మురిసిపోయి హోట్టింగ్‌లో పైన ఎక్కడో అపార్ట్‌మెంటు తీసుకున్నాను. బస్సు స్టాపు నుంచి ఇంటికి మ్యాపులో నాలుగు నిమిషాలు. మా నాన్నగారికి పద్దెనిమిది పట్టింది. మధ్యలో ఒక బెంచీ ఉంది, దాని మీద ఆయన కూర్చున్న ఫొటో మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఆయన ముఖంలో ఆల్ప్స్ అందాల ఛాయలేమీ లేవు.

కొండ కనిపించే గదికి ఎక్కువ చెల్లించాలా?

వద్దు. ఈ ఊళ్ళో కొండ ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. కూరగాయలు కొనేచోట కనిపిస్తుంది, ట్రామ్ కోసం నిలబడితే కనిపిస్తుంది. నార్డ్‌కెట్టె రెండు వేల మీటర్లు దాటిన కొండ, దాన్ని దాచడం ఎవరి వల్లా కాదు. పైగా పగలంతా మీరు గదిలో ఉండరు. ఆ డబ్బుతో కొండ మీదికే వెళ్ళి రండి. ఊరి మధ్య కాంగ్రెస్ స్టేషన్ నుంచి హుంగర్‌బుర్గ్ దాకా పట్టాల మీద పాకే రైలు, అక్కడి నుంచి తీగల బండి (రోప్‌వే). 1,905 మీటర్ల జేగ్రూబె, ఆపైన 2,256 మీటర్ల హాఫెలెకార్. ఊరి నడిబొడ్డు నుంచి అంత ఎత్తుకు అరగంటలో చేరిపోవచ్చు. స్టేషన్ల కప్పులు కరిగిన మంచులా ఉంటాయి. 2007లో తెరిచిన ఆ నాలుగు స్టేషన్లకూ జహా హదీద్ రూపమిచ్చారు.

ఒక్క మినహాయింపు. నడవలేని పెద్దవారు వెంట ఉండి, వారు రోజులో ఎక్కువ సేపు గదిలోనే గడిపేలా ఉంటే, బాల్కనీ ఉన్న ఉత్తరపు గది తీసుకోండి. అప్పుడు ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

మరి కొండ మీదే దిగితే?

హుంగర్‌బుర్గ్, ఇగ్ల్స్ అనే రెండు చోట్లు దాదాపు 860, 870 మీటర్ల ఎత్తున ఉన్నాయి, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. హుంగర్‌బుర్గ్ నుంచి ఊరి దీపాలు పళ్ళెంలో పోసినట్టు కనిపిస్తాయి. కానీ పాకే రైలు సాయంత్రం తొందరగానే ఆగిపోతుంది, ఆ తరువాత జె బస్సే గతి. ఇగ్ల్స్ పల్లెటూరి కళ ఉన్న పాత విడిది. పచ్చిక, చర్చి, పక్కనే పాచర్‌కోఫెల్ తీగల బండి. 6వ నంబరు ట్రామ్ అడవిలోంచి మెలికలు తిరుగుతూ అక్కడికి పోతుంది. పిల్లలకు చెప్పలేనంత సరదా, తొందరలో ఉన్నవారికి మాత్రం జె బస్సే నయం. నాలుగైదు రోజులు ఉండి, సగం రోజులు నడకలకే కేటాయించేవారికి ఇగ్ల్స్ నాకు ఇష్టం. సాయంత్రం ఏడు దాటితే వీధిలో మనిషి కనిపించడు. మన వాళ్ళలో కొందరికి రెండో రోజుకే దిగులు పుడుతుంది.

జాగెన్, ప్రాడ్ల్, ఒలింపిక్ గ్రామం అని కనిపిస్తున్నాయి. అవి?

జాగెన్ పాత బంగళాలు, చెట్లు ఉన్న పేట. పాకే రైలుకు, రాచతోటకు దగ్గర. బసలు తక్కువ, దొరికితే వదలకండి. ప్రాడ్ల్ మామూలు మధ్యతరగతి పేట, చదును, 3వ నంబరు ట్రామ్ ఉంది. విల్టెన్ దొరకనప్పుడు నేను చూసేది ఇదే. ఒలింపిక్ గ్రామం తూర్పు కొసన, 1964, 1976 శీతాకాల ఒలింపిక్స్‌కు వచ్చిన క్రీడాకారుల కోసం కట్టిన ఎత్తైన భవనాల గుంపు. ఇప్పుడు నివాసాలు. అందం అడగకండి. ట్రామ్ నేరుగా కేంద్రానికి వస్తుంది, ధర తగ్గుతుంది, అంతే.

మా టూర్ కార్యక్రమంలో "ఇన్స్‌బ్రుక్‌లో రాత్రి బస" అని ఉంది. అది ఏ ప్రాంతమో చెప్పలేదు. ఫర్వాలేదా?

ఈ ప్రశ్న మన దగ్గర నుంచి బృందాలుగా వచ్చేవారికి చాలా ముఖ్యం. స్విట్జర్లాండ్ చూసి ఇటలీకి వెళ్ళే బస్సు టూర్లలో ఇన్స్‌బ్రుక్ దారిలో మజిలీ. పక్కనే వాటెన్స్ అనే ఊళ్ళో స్వరోవ్‌స్కీ స్ఫటిక ప్రపంచం ఉంది, 1995 నుంచి నడుస్తోంది. అది చూపించి, ఊళ్ళో బంగారు కప్పు ముందు గంటసేపు వదిలి, రాత్రికి హోటల్‌కు తీసుకువెళతారు. ఆ హోటల్ ఊళ్ళోనే ఉండాలని లేదు. లోయలో పాతిక ముప్పై కిలోమీటర్ల అవతల ఏదో పల్లెలో ఉండవచ్చు. బస్సు నిలపడానికి చోటు, నలభై మందికి ఒకేసారి భోజనం పెట్టే హాలు అక్కడ చవకగా దొరుకుతాయి. అందులో మోసం లేదు, పల్లె హోటళ్ళు శుభ్రంగానే ఉంటాయి. కానీ సాయంత్రం భోజనం తరువాత నగరంలో తిరుగుదామని అనుకుంటే మాత్రం కుదరదు. డబ్బు కట్టే ముందే హోటల్ పేరు, ఊరి పేరు రాతపూర్వకంగా అడగండి. "లేదా అదే స్థాయి హోటల్" అనే మాట ఉంటే, ఇన్స్‌బ్రుక్ నుంచి ఎన్ని కిలోమీటర్ల లోపు అని మళ్ళీ అడగండి.

హాల్‌లో కానీ సీఫెల్డ్‌లో కానీ దిగి ఇన్స్‌బ్రుక్ చూసి రావచ్చా?

హాల్ అయితే నిక్షేపంగా. తూర్పున పది కిలోమీటర్లు, లోకల్ రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. ఉప్పు వ్యాపారంతో, టంకశాలతో ఒకప్పుడు ఇన్స్‌బ్రుక్ కన్నా వైభవం చూసిన ఊరు. 1486లో ఇక్కడ ముద్రించిన పెద్ద వెండి నాణెం తరువాతి యూరప్ నాణేలకు నమూనా అయింది. పాత వీధులు చెక్కుచెదరలేదు, పర్యాటకులు పలచన, గది ధర కూడా సాధారణంగా తక్కువే. అయితే పాత ఊరంతా వాలు మీదే ఉంది. నేను చెప్పే ఎత్తు సూత్రం అక్కడా వర్తిస్తుంది. సీఫెల్డ్ దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. నడకకు, మంచుకు వెళ్ళేవారి ఊరు. నగరం చూడటానికి అక్కడ దిగడం అనవసరం.

ఏ నెలల్లో గది దొరకడం కష్టం?

క్రిస్మస్ ముందు శని, ఆదివారాలు, క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా, ఫిబ్రవరి స్కీ సెలవులు. జనవరి మొదట్లో బెర్గిజెల్ కొండ మీద స్కీలతో దూకే పోటీ జరిగే రోజున ఊరంతా నిండిపోతుంది. జులై, ఆగస్టుల్లో కూడా రద్దీయే. ఏప్రిల్ రెండో సగం, నవంబరు మొదటి సగం చవక. కాకపోతే అప్పుడు తీగల బండ్లు మరమ్మతుల కోసం కొన్నాళ్ళు ఆపేస్తారు. కొండ ఎక్కడానికే వస్తుంటే గది కొనే ముందు ఆ తేదీలు చూసుకోండి. నాకు నచ్చేది సెప్టెంబరు.

గదుల్లో ఏసీ ఉండదట, నిజమేనా?

చాలా చోట్ల ఉండదు. రాత్రిళ్ళు చల్లబడుతుంది కాబట్టి మామూలుగా అవసరం రాదు. జులైలో 30 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, పై అంతస్తులో అటక కింది గది అప్పుడు ఉక్కపోస్తుంది. ఇంకొకటి ఫోన్ గాలి. మాట్లాడే ఫోను కాదు, దక్షిణం నుంచి బ్రెన్నర్ మీదుగా దిగే వెచ్చని పొడిగాలి పేరు అది. వసంతంలో, శరత్తులో ఎక్కువ. అది వీస్తే తలనొప్పి వస్తుందని, నిద్ర పట్టదని ఊళ్ళోవాళ్ళే విసుక్కుంటారు. కిటికీ రెక్కలు రాత్రంతా కొట్టుకుంటాయి, గడియ వేసి పడుకోండి.

వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకోవాలా?

మూడు రాత్రులు దాటితే తీసుకోండి. మన వాళ్ళకు రెండో రోజు సాయంత్రానికి అన్నం, పప్పు గుర్తుకొస్తాయి. ఊళ్ళో భారతీయ హోటళ్ళు ఉన్నాయి, కానీ రోజూ నలుగురు బయట తింటే బిల్లు చూసి ఆకలి చచ్చిపోతుంది.

వంట విషయంలో మేం చేసిన తప్పులు మీరు చేయకండి. ఇక్కడి పొయ్యిలు చాలాచోట్ల ఇండక్షన్‌వి. ఇంటి నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం కుక్కర్ వాటి మీద వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్ అయితేనే తెండి. చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ అయితే ఇంకా మేలు, మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ మరవకండి. ఇక పోపు. కప్పుకు పొగ పసిగట్టే గంట ఉంటుంది. మా అక్క ఎండుమిరపకాయలు వేయించిన మరుక్షణం అది మోగడం మొదలుపెట్టింది. కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ ఉండగా పై ఇంటి ముసలాయన వచ్చి తలుపు కొట్టాడు. ఆయన కోప్పడలేదు, దగ్గుతూ కిటికీ తెరిచి చూపించి వెళ్ళిపోయాడు. పోపు వేసేటప్పుడు కిటికీ ముందే తెరిచి ఉంచండి, రాత్రి పది దాటాక అసలు వేయకండి. పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలన్నది ఇక్కడ అందరూ పట్టించుకునే నియమం.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారం సాయంత్రం చేరేవారు పాలు, పెరుగు ముందే కొనుక్కోవాలి. మరీ తప్పనిసరైతే స్టేషన్‌లోని దుకాణం ఆదివారం కూడా తెరిచి ఉంటుంది. మంచినీళ్ళు మాత్రం కొనకండి. కుళాయిలో వచ్చేది నార్డ్‌కెట్టె ఊట నీరే.

మేం శాకాహారులం. హోటల్ ఉదయపు ఫలహారం సరిపోతుందా?

రొట్టెలు, వెన్న, జామ్, చీజ్, పెరుగు, పండ్లు ఉంటాయి. గుడ్డు తినేవారికి ఇబ్బంది లేదు. వేడివేడిగా ఏదైనా కావాలనుకునేవారికే వెలితి. బయట తినేటప్పుడు ఒక జాగ్రత్త. చీజ్‌తో చేసిన ఉండ శాకాహారమే అయినా దాన్ని వేసే సూపు సాధారణంగా గొడ్డు మాంసం మరిగించిన నీళ్ళతో చేస్తారు. సూపు వద్దని, విడిగా సలాడ్‌తో ఇమ్మని అడగండి. చీజ్ కలిపిన ష్పేట్‌సలె, అంటే గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్ లాంటివి, అడిగితే గుడ్డు తినేవారికి చాలావరకు నిశ్చింత. మాంసం ముక్కలు వేయవద్దని ఒక మాట చెప్పండి.

అమ్మానాన్నలను తీసుకెళుతున్నాం. బస బుక్ చేసే ముందు ఏమేమి అడగాలి?

మొదట లిఫ్టు. "లిఫ్టు ఉందా" అని కాకుండా "వీధి గుమ్మం నుంచి గది దాకా ఎన్ని మెట్లు" అని అడగండి. అంకె వస్తుంది. ఇక్కడ మొదటి అంతస్తు అంటే నేల మీది అంతస్తుకు పైది, పాత ఇళ్ళలో మధ్యలో ఇంకో అర అంతస్తు కూడా ఉంటుంది. తరువాత స్నానాల గది. తొట్టె అంచు దాటి లోపలికి దిగాల్సిన చోట అరవై ఏళ్ళు దాటినవారు జారే ప్రమాదం ఉంది. నేలకు సమానంగా ఉండే షవర్ అడగండి. మరుగుదొడ్డిలో నీటి గొట్టం ఉండదు. ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టెలో పెట్టుకోవడానికి సిగ్గుపడకండి, మేం అందరం పెట్టుకుంటాం.

ఇద్దరు పడుకునే మంచం మీద రెండు విడివిడి దుప్పట్లు మడిచి ఉంటాయి. అది పొరపాటు కాదు, ఇక్కడి పద్ధతే. మా పెదనాన్నగారు మాత్రం ఇంకెవరో వస్తారేమోనని రాత్రంతా ఎదురుచూశారు. మూడో మనిషికి "అదనపు మంచం" అంటే చాలాసార్లు విప్పే సోఫా. దాని మీద ఎవరు పడుకోవాలో ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరండి.

వెల్‌కమ్ కార్డు, ఇన్స్‌బ్రుక్ కార్డు ఒకటేనా? పన్ను ఏమిటి?

రెండూ వేరు. వెల్‌కమ్ కార్డు ఈ పథకంలో చేరిన బసల్లో రెండు రాత్రులకు తక్కువ కాకుండా ఉండేవారికి ఉచితం. బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు. ఇగ్ల్స్ లాంటి దూరపు బస ఈ కార్డు వల్లే గిట్టుబాటవుతుంది. అడగకపోతే ఇవ్వడం మరచిపోయే కౌంటర్లూ ఉన్నాయి, అడగండి. ఇన్స్‌బ్రుక్ కార్డు డబ్బుపెట్టి కొనేది. 24, 48, 72 గంటలకు దొరుకుతుంది. అందులో నార్డ్‌కెట్టెకు ఒకసారి వెళ్ళి రావడం, మ్యూజియంలు, స్ఫటిక ప్రపంచం కలిసి ఉంటాయి. ఒకే రోజులో కొండ, స్ఫటిక ప్రపంచం రెండూ చూసేవారికి లాభం. ఇక పన్ను తలకు, రాత్రికి ఇంత అని ఉంటుంది. చాలా బసల్లో గది ధరలో కలపకుండా అక్కడే తీసుకుంటారు. మోసపోయామని గొడవపడకండి.

కారులో వస్తే?

పాత నగరం, విల్టెన్ రెండూ వద్దు. ఊళ్ళో వీధి పార్కింగుకు గంటల పరిమితి ఉంది, కట్టడాల కింద నిలిపితే రోజు అద్దె గది అద్దెను గుర్తుచేస్తుంది. ఇగ్ల్స్‌లో కానీ పక్క పల్లెలో కానీ ఉచిత పార్కింగ్ ఉన్న బస తీసుకుని బస్సులో ఊళ్ళోకి రండి. హైవేకు విన్యెట్ అనే టోల్ చీటీ ముందే కొనాలి. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా రోడ్డు మీద మంచు ఉంటే చలికాలపు టైర్లు తప్పనిసరి.

స్కీయింగ్ కోసం వస్తే బస మారుతుందా?

కొత్తగా నేర్చుకునేవారు ఇగ్ల్స్‌లో దిగితే పాచర్‌కోఫెల్ దగ్గర. మిగిలినవారు ఊళ్ళోనే ఉండవచ్చు, చలికాలంలో స్కీ బస్సులు చుట్టుపక్కల కొండలకు పోతాయి. తడిసిన బూట్లు ఆరబెట్టే గది ఉందా అని అడగండి. మంచు తొక్కి రావడానికే వచ్చేవారు స్కీ బస్సు స్టాపు పక్కన దిగితే చాలు.

రాత్రి పదకొండుకు రైలు చేరుతుంది. గది ఇస్తారా?

స్టేషన్ దగ్గరి పెద్ద హోటళ్ళలో ఇస్తారు. కుటుంబాలు నడిపే, ఇక్కడ పెన్షన్ అని పిలిచే చిన్న విడిదుల్లో కౌంటరు సాయంత్రమే మూసేస్తారు. తాళం కోడ్ పెట్టెలో ఉంచి, కోడ్ ఈమెయిల్ చేస్తారు. ఆ ఈమెయిల్‌ను రైలెక్కకముందే తెరిచి, అంకెలు కాగితం మీద రాసుకోండి. ఒక చలికాలం రాత్రి నా ఫోను బ్యాటరీ అయిపోయి, ఒక తలుపు ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాను. సున్నాకు దిగువన ఇరవై నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. చేరాక పాస్‌పోర్టు వివరాలతో ఒక పత్రం నింపిస్తారు, చట్టప్రకారం అది తప్పదు.

వీసాకు బుకింగ్ చూపించాలి కదా, ఇప్పుడే డబ్బు కట్టేయాలా?

కట్టవద్దు. రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చే గది బుక్ చేసి, దాన్నే దరఖాస్తుతో పెట్టండి. ప్రయాణికులందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఆ పత్రంలో ఉండాలి, ఒక్కరి పేరు వేసి "ఇద్దరు పెద్దలు" అంటే చాలదు. ఈ దేశాలన్నింటికీ చెల్లేది ఒకే షెంగెన్ వీసా, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఇన్స్‌బ్రుక్‌లో రెండు రాత్రులు, ఇటలీలో అయిదు అయితే అది ఇటలీ వీసా. వీసా వచ్చాక బస మార్చుకుంటే కొత్త బుకింగ్ కాగితం వెంట ఉంచుకోండి. పాతది రద్దు చేయడానికి గడువు ఎప్పటిదాకా ఉందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. మా బావగారు పెట్టుకోలేదు. ఆ వేసవి ఆయనకు ఒకే రాత్రికి రెండు గదులు ఉన్నాయి.